కారుకు జన్మపత్రం ఉంది, బాగుచేసిన చేతికి పేరు లేదు



జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ పాత కార్లకు జన్మపత్రం ఇస్తారు. తమాషాకు అనడం లేదు, ఆ కాగితం పేరే అది. మీ దగ్గర 1963 నాటి బీటిల్ ఒకటి ఉందనుకోండి. వెనక సీటు ఎత్తితే కింద, మధ్యలో ఉబ్బెత్తుగా పోయే భాగం మీద ఛాసిస్ నంబరు కొట్టి ఉంటుంది. ఆ నంబరు రాసి, ఫీజు కడితే, ఆ బండి ఏ రోజు తయారైంది, ఏ రంగు వేశారు, ఏ దేశానికి పంపారు, అన్నీ రాసి పంపిస్తారు. మెర్సిడెస్ వాళ్లకు డేటా కార్డు ఉంది. ఇంజను నంబరు, రంగు కోడు, సీటు గుడ్డ ఏ రకం, అదనంగా ఏమేం బిగించారు, అన్నీ అందులో ఉంటాయి.

మా జేజినాయన ఎప్పుడు పుట్టినాడని అడిగితే "కరువుకు ముందు" అనేది మా జేజి. ఏ కరువో చెప్పేది కాదు. అనంతపురం జిల్లాలో కరువుకు ముందు అంటే ఏ ఏడాదైనా కావచ్చు.

ఈ భాగం పాత జర్మన్ కార్లను బాగుచేసే షెడ్ల గురించి. "అన్నా, మనకెందుకు డబ్బున్నోళ్ల బొమ్మల గురించి?" అని మీలో కొందరు అనుకుంటున్నారని తెలుసు. బొమ్మ వాళ్లదే. దాన్ని లేపి నిలబెట్టిన చేతులు మాత్రం మనవి. ఆ చేతులకు ఏం దక్కుతోందన్నదే నా సంగతి.

ఎర్రమంచి అంటే ఇప్పుడు లోకానికి కియా. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం, 2019 డిసెంబరులో ప్రారంభోత్సవం, ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల ఫ్యాక్టరీ. (అంతకుముందు విశాఖకు ఫోక్స్‌వ్యాగనే వస్తుందని ఊదరగొట్టారు. 2005లో అది 11 కోట్ల కుంభకోణంగా తేలి, కంపెనీ చివరికి పుణె దగ్గర చాకణ్‌కు పోయింది. ఎర్రమంచి భూముల కథ పెద్దది, దాన్ని ఇంకో భాగంలో రాస్తాను.) హైవే మీద పోయేవాళ్లకు ఆ ఫ్యాక్టరీ ఒక్కటే కనబడుతుంది. అదే 44వ నంబరు రోడ్డు పక్కన, పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం దారుల్లో రేకుల షెడ్లు ఉన్నాయి. వెల్డింగు, టింకరింగు, లేతు, పంక్చరు. అట్లాంటి ఒక షెడ్డు మా చిన్నాయన కొడుకుది. నాకు అన్న అవుతాడు. పద్నాలుగేళ్లు బెంగుళూరులో పాత కార్లు బాగుచేసే చోట పనిచేసి, వయసు మీద పడినాక ఊరికొచ్చి షెడ్డు వేసుకున్నాడు. మామూలుగా బొలేరోలు, ఆటోలు చేస్తాడు. అప్పుడప్పుడు బెంగుళూరు నుంచి లారీ మీద ఒక బీటిల్ బాడీయో, పాత మెర్సిడెస్ తలుపులో దిగుతాయి. అక్కడ ఆ పని చేతనైనవాళ్లు తక్కువ, చేతనైనవాళ్ల రేట్లు ఎక్కువ. అందుకే ఇంత దూరం పంపిస్తారు.

ఆ పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే "మెకానిక్" అనే మాటలో చాలా తెలివిని పూడ్చిపెట్టారు.

బీటిల్‌కు తలుపుల కింద, రెండు పక్కలా, పెట్టెలాంటి పొడవైన గొట్టం ఉంటుంది. ఇంజను వెనకుంటుంది కదా, అక్కడి వేడి గాలిని ముందుకు తెచ్చేది అదే. జర్మనీ చలికి అది హీటరు. కానీ బండి బాడీకి వెన్నుపూస కూడా అదే. తుప్పు ముందుగా తినేది దాన్నే. పైకి బండి నిగనిగలాడుతుంటుంది, కింద గొట్టం బిస్కెట్టులా పొడిపొడి అవుతుంటుంది. దాన్ని కోసి కొత్తది వేయాలి. తొందరపడి కోశారంటే మొత్తం బాడీ నడుమున కుంగుతుంది, ఆ తర్వాత తలుపులు ఈ జన్మకు పడవు. అందుకని ముందే తలుపు సందుల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగు చేసి బిగించుకోవాలి. అప్పుడు ఒక పక్క కోసి, వేసి, కొలిచి, రెండో పక్కకు పోవాలి. ఈ క్రమాన్ని మా అన్నకు ఏ కాలేజీ చెప్పలేదు. శివాజీనగర్‌లో ఒక సాయిబు ఉస్తాద్ నేర్పించినాడు. "కోసేది చివరి పని, కొలిచేది మొదటి పని" అని ఆయన రోజూ తిట్టేవాడట.

పాత మెర్సిడెస్ డీజిల్ బండి ఇంకో రకం. 1976 నుంచి పదేళ్లు తయారైన డబ్ల్యు 123 అనే మోడల్ ఉంది. ఇరవై ఆరు లక్షలకు పైగా అమ్ముడుపోయింది, ఇండియాలో రాయబారులు, సినిమావాళ్లు, పెద్ద కాంట్రాక్టర్లు వాడినారు. ఆ డీజిల్ ఇంజనును ఆపేది కరెంటు కాదు, గాలి పీల్చే వాక్యూమ్. తాళం తిప్పితే వాక్యూమ్ పోయి ఇంజక్షన్ పంపును మూయాలి. ఒక బండి తాళం తీసి జేబులో వేసుకున్నా ఇంజను ఆగడం లేదని వచ్చింది. అంతకుముందు రెండు చోట్ల పంపు ఊడదీసి, లక్షల బిల్లు చూపించి, మళ్లీ బిగించినారట. మా అన్న పంపు జోలికే పోలేదు. తలుపుల లాకులు కూడా అదే వాక్యూమ్ మీద నడుస్తాయి. నాలుగు తలుపులూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయినాడు. వెనక తలుపులో వేలెడంత రబ్బరు గొట్టం పగిలి ఉంది. అది మార్చినాడు, ఇంజను ఆగింది. దీన్ని రోగ నిర్ధారణ అంటారు. తెల్లకోటు వేసుకుంటే దీనికి కన్సల్టేషన్ ఫీజు ఉంటుంది.

ఇప్పుడు తోలు దగ్గరికొస్తాను. మిత్రులారా, ఇక్కడ నాకు నిజంగా కడుపు మండుతుంది.

పాత జర్మన్ కారులో అసలైన తోలు సీట్లుంటే దాని ధర పెరుగుతుంది. ప్రదర్శనలో దాన్ని వేళ్లతో తడిమి, ముక్కు దగ్గర పెట్టుకుని "అబ్బ, ఒరిజినల్ లెదర్ వాసన" అంటారు. ఆ వాసనకే కదా మా వాడను ఊరికి అవతల పెట్టింది! (మెర్సిడెస్‌లో చాలా బండ్లకు వచ్చింది అసలు తోలు కాదు, ఎమ్‌బి-టెక్స్ అనే వినైల్. వాసన చూసి మురిసిపోయేవాళ్లలో సగం మందికి ఆ సంగతి తెలీదు. అది వేరే.) చినిగిన సీటును విప్పి, పాత ముక్కల్ని అట్ట మీద పరిచి, గీత గీసి, కొత్త తోలును ఆ కొలతకు కోసి కుట్టాలి. మా జేజినాయన చెప్పుల కోసం చేసింది అదే పని. అంతకంటే పెద్ద పని కూడా చేసినాడు. రాయలసీమలో మోటార్లు రాకముందు బావిలోంచి నీళ్లు తోడింది కపిల. ఎద్దులు లాగితే పెద్ద తోలు బాన నిండి పైకొస్తుంది, కింద తోలు తొండం లోంచి నీళ్లు కాలువలోకి పడతాయి. ఆ బానను, తొండాన్ని కోసింది, కుట్టింది, నూనె పట్టించి కాపాడింది, పగిలినప్పుడు రాత్రికి రాత్రి అతుకు వేసింది మాదిగవాళ్లు. ఊరి పంట మొత్తం ఆ కుట్టు మీద ఆధారపడింది. కమ్మరి కొలిమికి ఊపిరి పోసిన తిత్తి కూడా మా కుట్టే. ఒక యంత్రాన్ని తరాల తరబడి నడిపించినవాళ్లను ఏమనాలి? ఇంజినీర్లనాలి. మమ్మల్ని ఏమన్నారో మీకు తెలుసు. కూలి ఏమిచ్చారంటే కళ్లంలో మిగిలిన గింజలు.

బాబాసాహెబ్ 1936లో ఈ మాటే తేల్చి చెప్పినాడు. కులం పనిని పంచడం దగ్గర ఆగదు, పనిచేసేవాళ్లనే అంతస్తులుగా విడగొడుతుందని. దీన్ని మనం సభల్లో చాలాసార్లు చెప్పుకుంటాం. షెడ్డులో నిలబడి చూస్తే ఇంకో పొర కనబడుతుంది. పనిని కింద పెట్టడమే కాదు, పనిలోని జ్ఞానాన్ని తీసి ఇంకొకరి ఖాతాలో వేస్తారు. బండి బాగుపడినాక "నేను రిస్టోర్ చేశాను" అని చెప్పేది ఓనరు. క్రియాపదం ఆయనదైపోతుంది. మా అన్న వాక్యంలో ఎక్కడా ఉండడు.

ఒక బండి పదకొండు నెలలు పట్టింది. చివరి రోజు ఓనరు పూజారిని తీసుకొచ్చినాడు. నిమ్మకాయలు, కొబ్బరికాయ, కుంకుమ, అన్నీ వచ్చినాయి. "పూజ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకండప్పా" అన్నాడు, మర్యాదగానే. పదకొండు నెలలు ఆ బండి పేగుల్లో చేతులు పెట్టి తిరిగినవాడు రెండడుగులు వెనక్కి వేసి నిలబడినాడు. నేను అక్కడే ఉన్నాను. "ఏమన్నా, ఊరుకున్నావు?" అంటే, "ఇంకా బ్యాలెన్స్ డబ్బులు రావాల రా" అన్నాడు. విప్లవం గురించి రాసేటప్పుడు మనం ఈ బ్యాలెన్స్ డబ్బుల్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఇక, ఆ కారు పుట్టిన ఊరి సంగతి. "వారసత్వం, హెరిటేజ్" అని మాట్లాడేవాళ్లు అక్కడిదాకా రారు. మనం పోదాం.

బీటిల్‌ను మొదలుపెట్టింది హిట్లర్ ప్రభుత్వం. ఫ్యాక్టరీ కట్టడానికి వాడిన డబ్బులో పెద్ద భాగం 1933లో కార్మిక సంఘాల్ని రద్దుచేసి లాక్కున్న ఆస్తి. మామూలు జనానికి 990 మార్కులకే కారు అన్నారు. వారానికి 5 మార్కుల స్టాంపు కొని పుస్తకంలో అతికించుకుంటూ పోవాలి. 3 లక్షల 36 వేల మంది అట్ల కట్టినారు. ఒక్కరికీ కారు రాలేదు. యుద్ధం వచ్చింది, ఫ్యాక్టరీ సైనిక బండ్లు, బాంబుల భాగాలు చేయడంలోకి పోయింది. ఆ పనికి పోలండ్ నుంచి, సోవియట్ నుంచి, ఫ్రాన్స్ నుంచి, కాన్‌సెంట్రేషన్ క్యాంపుల నుంచి మనుషుల్ని పట్టుకొచ్చినారు. మొత్తం సుమారు 20 వేల మంది. తూర్పు నుంచి వచ్చినవాళ్ల చొక్కా మీద "ఓస్ట్" అనే గుర్తు, తక్కువ తిండి, వేరే గుడిసెలు. ఏ జాతివాడికి ఎంత రొట్టె అన్నది కాగితం మీద రాసి పెట్టుకున్నారు. అక్కడ పనిచేసిన ఆడవాళ్లకు పుట్టిన పసిపిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసి, చివరికి ర్యూహెన్ అనే ఊళ్లో పెట్టినారు. మూడు వందలకు పైగా పిల్లలు పట్టించుకునే దిక్కులేక చనిపోయినారు. దానికి బాధ్యుడైన డాక్టరుకు బ్రిటిష్ సైనిక కోర్టు మరణశిక్ష వేసింది.

నాజీ క్యాంపు, మన వెలివాడ ఒకటే అని నేననడం లేదు. దేని చరిత్ర దానిది. మనం ఇప్పుడు రోడ్ల మీద చూసే బీటిల్స్ యుద్ధం తర్వాత తయారైనవే, ఆ బందీలు చేసినవి కావు, అది కూడా చెప్పాలి. నేను చూపించదలచుకున్నది యుద్ధం తర్వాత జరిగిన లెక్క.

స్టాంపులు అతికించిన జర్మన్లు కోర్టుకు పోయినారు. ఏళ్ల తరబడి కొట్లాడితే 1961లో ఫోక్స్‌వ్యాగన్‌తో రాజీ కుదిరింది. కొత్త కారు కొంటే 600 మార్కుల దాకా తగ్గింపు, లేదంటే 100 మార్కుల నగదు. మరి బందీలుగా పనిచేసినవాళ్లకు? ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల కోసం నిధి పెట్టింది 1998లో. ప్రభుత్వం, కంపెనీలు కలిసి వెయ్యి కోట్ల మార్కులతో ఫౌండేషన్ పెట్టింది 2000లో. అప్పటికి అర్ధ శతాబ్దం దాటింది, చాలామంది మట్టిలో కలిసిపోయినారు. కారు రానివాడికి ముందు, బతుకు పోయినవాడికి ముప్పై ఏడేళ్ల తర్వాత! కొనుక్కునేవాడి నష్టం ఎప్పుడూ త్వరగా కనబడుతుంది. చేసేవాడి నష్టాన్ని చూపించాలంటే పోరాడాలి. అక్కడ బాధితులు కేసులు వేసినారు, చరిత్రకారులు కంపెనీ కాగితాలు తవ్వినారు. హాన్స్ మోమ్‌సెన్ అనే చరిత్రకారుడు 1996లో ఆ ఫ్యాక్టరీ కార్మికుల మీద పెద్ద పుస్తకమే తెచ్చినాడు. ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీ ఆవరణలోనే, పాత బంకరులో, వాళ్ల జ్ఞాపకానికి ఒక చోటుంది.

ఇంకొక పేరు చెప్పాలి. యోసెఫ్ గాంజ్. యూదు ఇంజినీరు, మోటార్ పత్రిక సంపాదకుడు. తక్కువ ధరకు, చిన్నగా, ఇంజను వెనక పెట్టిన జనం కారు కావాలని రాసి, చేసి చూపించినాడు. ఆయన ఆలోచనలతో తయారైన స్టాండర్డ్ సుపీరియర్ 1933 బెర్లిన్ మోటార్ షోలో ఉంది. ఆ ఏడాదే గెస్టపో ఆయన్ని అరెస్టు చేసింది. దేశం వదిలిపోయి, ఆఖరికి 1967లో ఆస్ట్రేలియాలో చనిపోయినాడు. బీటిల్ మొత్తం ఆయనదే అని నేను వాదించను, దానికి చాలామంది తండ్రులున్నారు. కానీ ఆయన పేరును కావాలని తుడిచేశారన్నది నిజం. పాల్ స్కిల్‌పెరూర్డ్ అనే డచ్ రచయిత ఆయన జీవితాన్ని తవ్వి పుస్తకం రాసినాడు. తర్వాత గాంజ్ బంధువు ఒకాయనతో కలిసి, మిగిలిన ఒక స్టాండర్డ్ సుపీరియర్‌ను పట్టుకుని బాగుచేసి రోడ్డు మీదికి తెచ్చినారు. నాకు తెలిసి రిస్టోరేషన్ అన్న మాటకు సరిపోయిన పని అది. అక్కడ రేకుకు తుప్పు వదిలించారు, మనిషి పేరుకూ వదిలించారు.

మన దగ్గర? 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిప్పుకోవడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. బండి చరిత్ర, ఓనరు చరిత్ర రికార్డవుతున్నాయి. అసలు రూపంలోకి ఎవరు తెచ్చారన్న గడి ఆ కాగితాల్లో నేను చూడలేదు. ప్రదర్శనల్లో బండి ముందు పెట్టే బోర్డు మీద తయారైన ఏడాది, మోడల్, ఓనరు పేరు ఉంటాయి. సినిమాకు లైట్‌బాయ్ పేరైనా చివర్లో పడుతుంది కదా. టింకరింగు మేస్త్రీ పేరు వేస్తే బోర్డు విరిగిపోతుందా?

"కారుకు కులమేంది అన్నా" అని ఒక ఇంజినీరింగు తమ్ముడు నాతో వాదించినాడు. కారుకు లేదు. షెడ్డుకుంది. కింద పడుకుని ఛాసిస్ గోకేది ఎవరు, కంప్యూటరు ముందు ఎస్టిమేట్ వేసేది ఎవరు, కస్టమరుతో చేయి కలిపేది ఎవరు, ఈ మూడు ప్రశ్నలు వేసి నాలుగు షెడ్లు తిరిగి రమ్మన్నాను. మా దగ్గర కింద పడుకునేది సాయిబుల పిల్లలు, మాదిగ మాల పిల్లలు, బోయ, వడ్డె పిల్లలు. షోరూంలో చేయి కలిపే కుర్చీ దాకా వాళ్లలో ఎంతమంది పోయినారో ఆ తమ్ముడే చెప్పాలి.

ఫ్యాక్టరీ వచ్చింది కదా, పిల్లలు అందులో చేరితే సరిపోతుంది అంటారు. చేరాలి. జీతం చీటీ, పీఎఫ్, యూనిఫాం, ఇవి చిన్నవి కావు, మా నాన్న తరం కలలో కూడా చూడలేదు. కానీ లైను మీద నిలబడినవాడికి బండిలో ఒక ముక్కే తెలుస్తుంది. పాత బీటిల్‌ను చివరి బోల్టు దాకా విప్పి మళ్లీ కట్టిన పిల్లోడికి బండి మొత్తం తెలుస్తుంది. మొత్తం తెలిసినవాడి చేతిలో సర్టిఫికెట్ లేదు, ముక్క తెలిసినవాడికి ఐటీఐ కాగితముంది. ఈ మెలికను బాబాసాహెబ్ ఎప్పుడో పట్టుకున్నాడు. 1942 అక్టోబరులో వైస్రాయ్‌కి ఇచ్చిన మెమొరాండంలో షెడ్యూల్డ్ కులాల పిల్లలకు సాంకేతిక శిక్షణ కావాలని, ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌లుగా తీసుకోవాలని అడిగినాడు. బీఏ, లా సీట్లతో ఆగలేదు, లేతు దగ్గర చోటడిగినాడు. మనం ఆయన కోటు గురించి మాట్లాడినంతగా ఈ లేతు గురించి మాట్లాడలేదు.

దారులు కొన్ని ఉన్నాయి. అప్రెంటిస్‌షిప్ చట్టంలో ఎస్సీ ఎస్టీ పిల్లలకు సీట్లు కేటాయించాలని ఉంది, ఆ లెక్కలు సమాచార హక్కు కింద అడగొచ్చు. చేతిపని ముందే వచ్చినవాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కూడా కేంద్రం స్కిల్ పథకంలో ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. ఇరవై ఏళ్లుగా షెడ్డు నడిపే మేస్త్రీకి ఆ మాట చెప్పినవాడు లేడు. ఫారం నింపి పెట్టే పని చదువుకున్న మనది.

అంతకంటే తొందరగా చేయాల్సింది ఒకటుంది. పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పగానే కంప్రెసరు గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టడం అన్ని షెడ్లలోనూ అలవాటు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుంటే రోగం బయటపడేది ఇరవై, ముప్పై ఏళ్లకు. పాత పెయింటులో సీసం ఉంటుంది, పొడిగా గీకితే అది ముక్కులోకే. ఇప్పటి గట్టి పెయింట్లలో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్లు, మూసిన గదిలో స్ప్రే కొడితే ఆస్తమా. చేతిరుమాలు కట్టుకుంటే ఇవేవీ ఆగవు. బ్రేకు దుమ్మును గాలితో కొట్టకూడదు, తడిగుడ్డతో తుడిచి గుడ్డను కవరులో కట్టి పారేయాలి. పెయింటును తడిపి గీకాలి. స్ప్రేకు ఆ పనికి తగిన మాస్కు కావాలి. ఆ మాస్కు ఖర్చు ఓనరు బిల్లులో ఒక లైనుగా వేయాలని మా అన్నకు చెప్పినాను. "ఒప్పుకుంటారా?" అన్నాడు. జర్మనీ నుంచి వచ్చే రబ్బరు బీడింగుకు నోరెత్తకుండా కడతారు కదా, దీనికీ కడతారు అన్నాను. పోయిన బిల్లులో వేసినాడు. కట్టినారు.

అదే ఊపులో ఇంకొకటి మొదలుపెట్టినాం. షెడ్డులో ఒక లాంగ్‌బుక్కు. తేదీ, బండి, ఛాసిస్ నంబరు, ఏ పని, ఎవరు చేసినారు, ఇంటిపేరుతో సహా. ఫోటోలో బండితో పాటు చేసినవాడి ముఖం. బండి వెళ్లేటప్పుడు దాని జిరాక్సు ఫైల్లో పెట్టి ఓనరుకు ఇస్తాం. ఇద్దరు ఓనర్లు సంతోషంగా తీసుకున్నారు, ఒకాయన "ఇదెందుకప్పా" అన్నాడు. తీసుకోక తప్పలేదు, బిల్లుకు పిన్ను కొట్టి ఉంది.

వేసవి సెలవుల్లో వచ్చే విద్యార్థులకు నా దగ్గర పనుంది. పెనుకొండ నుంచి హిందూపురం దాకా, అటు ధర్మవరం దాకా రోడ్డు పక్కన ఉన్న ప్రతి షెడ్డుకూ పోవాలి. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారు, ఆ ఉస్తాద్‌కు ఎవరు నేర్పినారు, తెలిసినంత వెనక్కి రాసుకురావాలి. నోటుబుక్కులు నేను కొనిస్తాను. పెట్రోలు ఎవరిది వాళ్లదే.